మేకులంటే పడని మనిషి

ఆ సందులో మేస్త్రి అంటే ఒక్కడే. గోడలు కట్టే మేస్త్రులూ బట్టలు కుట్టే మేస్త్రులూ ఉండకపోలేదు గాని, ఉత్త ‘మేస్త్రి’ అనే బిరుదు మాత్రం కొయ్యపని చేసే ఈయనకే దక్కింది. ఆయన దృష్టిలో మనుషులు రెండు రకాలు: చెక్కకు మేకు కొట్టేవాళ్ళు, కొట్టనివాళ్ళు. మొదటి రకం మీద ఆయనకు కోపమేమీ ఉండేది కాదు. చంటిపిల్లల మీద ఎవరికైనా కోపం వస్తుందా?

ఆయన చేసిన కుర్చీలో గాని, బల్లలో గాని, బీరువాలో గాని గోరంత ఇనుము కనబడదు. తలుపు బందులు ఒక్కటే మినహాయింపు. అవి కూడా లేకపోతే తలుపును గోడ అని పిలవాల్సి వస్తుంది కనక మనసు చంపుకుని ఒప్పుకున్నాడు. ఒక చెక్కకు నాలుక తీసి, ఇంకో చెక్కకు దానికి సరిపడా గాడి తొలిచి, జిగురు పూసి దించి, క్లాంపుతో బిగించి, ఇక వదిలేస్తాడు. ఆ వదిలేయడంలోనే ఉంది విద్యంతా. జిగురు పట్టేదాకా ఆ వస్తువు దగ్గరికి ఎవరూ పోకూడదు. ఆ గదిలో గట్టిగా తుమ్మినవాణ్ణి కూడా ఆయన హంతకుణ్ణి చూసినట్టు చూసేవాడు.

మేకుల మీద ఆ పగ ఊరికే రాలేదు. పాత తలుపులు, పాత ద్వారబంధాలు బాగుచేయడానికి వెళ్ళినప్పుడల్లా ఆయన ఒకటే దృశ్యం చూశాడు. వగరున్న చెక్కలో ఇనుప మేకు దిగి, దానికి కాస్త తడి తగిలిందంటే, మేకు చుట్టూ నల్లటి మరక పుడుతుంది. మెల్లగా పాకుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఓ రోజు బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి పోతుంది. అలాంటి ద్వారబంధానికి ఆయన చేసే వైద్యం కూడా ఒకటే: కుళ్ళు ఎంతవరకు పాకిందో ఉలితో గీకి చూసి, దానికి జానెడు పైన రంపం పెట్టడం.

ఆ జానెడు సంగతే తర్వాత ఆయన పాలిట యముడై కూర్చుంది.

గోడ అవతల బావమరిది వెల్డింగు కొట్టు ఉండేది. పగలంతా అక్కడ నిప్పురవ్వలు, ఇక్కడ రంపపు పొట్టు. ఇళ్ళు తగలబడకుండా ఇన్నాళ్ళూ ఉండటం మేస్త్రి భార్య నిఘా వల్లేనని సందులో అందరూ ఒప్పుకుంటారు. 

“బావా, నువ్వు కుర్చీ చేసేలోపు నేను రైలుపెట్టె చేసి పడేస్తాను,” అనేవాడు బావమరిది.

“చేస్తావురా, చేస్తావు. ఎక్కే మొనగాడు పుట్టాలి కదా,” అనేవాడు మేస్త్రి.

ఇలా ఉండగా ఓ పొద్దున గోడకు చేరవేసిన పలకల వరస జారి ఆయన ఎడమకాలి మీద పడింది. ఇనుము కాదు, మేకు కాదు. జీవితమంతా వెనకేసుకొచ్చిన కలపే. మోకాలి కిందుగా ఎముక రెండు ముక్కలైంది. ఆసుపత్రికి తీసుకుపోతున్నంతసేపూ ఆయన నొప్పి గురించి ఒక్క మాటా అనలేదు. “ఎండుపలకలే, పచ్చివి కావు,” అని మాత్రం రెండు మూడుసార్లు అన్నాడు, ఎవరో వాటిని తిట్టబోతున్నట్టు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి ప్లేటు వేయాలన్నాడు. నడుము కింద మొద్దుబారేలా వెన్నులో సూది ఇచ్చి, ఛాతీ దగ్గర ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. కళ్ళకు అడ్డం కట్టారు గాని చెవులకు కట్టాలని ఎవరికీ తోచలేదు. గుడ్డ అవతల డ్రిల్లు మోగింది. మేస్త్రికి ఒళ్ళు జలదరించింది, నడుము వరకు. బిట్టు ఎక్కడ గట్టి పైపొరను పట్టుకుందో, ఎక్కడ మెత్తటి నడిమిభాగంలో పడిందో, ఎక్కడ అవతలి పొరను చీల్చుకుని బయటికొచ్చిందో ఆయన చెవులు పూసగుచ్చినట్టు చెప్పేశాయి. ఆ వెనక స్క్రూడ్రైవరు. ఆఖరి తిప్పుడులో స్క్రూ ఒక మూలుగు మూలుగుతుంది. ఆ మూలుగు ఆయన పరాయివాళ్ళు పాడుచేసిన తలుపుల్లో ఎన్నోసార్లు విన్నాడు. ఈసారి తలుపు తనే.

“అయ్యా, మేకులా అవి?” అన్నాడు మేస్త్రి.

“స్క్రూలు, మేస్త్రిగారూ. టైటానియం. కంగారుపడకండి,” అంది గుడ్డ.

టైటానియం అంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఇనుముకు చదువుకున్న పేరై ఉంటుందనుకున్నాడు. కళ్ళు మూసుకుంటే ఎముక కనబడింది, తెల్లగా, తడిగా. ఒంట్లో అన్నిచోట్లా తడే కదా! ప్రతి స్క్రూ చుట్టూ ఒక నల్లటి చుక్క మొలిచింది.

కొన్ని వారాలు కాలు కింద పెట్టవద్దన్నారు. ఆ ఆజ్ఞను మేస్త్రి పాటించినట్టు ప్రపంచంలో ఏ రోగీ పాటించి ఉండడు. జిగురు పట్టేదాకా ముట్టుకోకూడదన్న ముక్క ఆయనకు ఒకరు చెప్పాలా? తర్వాత మళ్ళీ ఫిల్ము తీసి, డాక్టరు వాకరు ఇప్పించాడు.

“ఇక ఈ కాలి మీద కూడా బరువు మోపుతూ నడవాలి. రోజురోజుకీ కొంచెం కొంచెం పెంచాలి.”

“అతికిందాండీ?”

“ఇంకా లేదు. నడిస్తేనే అతుకుతుంది.”

మేస్త్రి తన భార్య వంక చూశాడు. ఆవిడ తలూపుతోంది. జిగురు తడిగా ఉండగానే కుర్చీ ఎక్కి గంతులేయమంటున్నాడు ఈ పెద్దమనిషి, దానికి ఈవిడ తలూపుతోంది!

అయినా చెప్పిన మాట వినే స్వభావం కనక మర్నాడు ప్రయత్నం చేశాడు. ముందుగదిలో కిటికీ దగ్గర ఆయన కుర్చీ ఉంది. తన చేతులతో చేసుకున్నది, మేకు తగలనిది, ఇంట్లో ఇంకెవరూ కూర్చోనిది. ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద ఆనించి, ఎడమకాలి మీద ఒళ్ళు మోపి లేవబోయాడు.

టిక్.

చిన్న చప్పుడు. వంటింట్లో ఉన్న భార్యకు కూడా వినబడనంత చిన్నది. మేస్త్రి గబుక్కున కుడివైపు ఒరిగి కూర్చున్నాడు. చప్పుడు లేదు. కుడికాలి మీద, కుడిచేతి ఆసరాతో లేచాడు. లేదు. మళ్ళీ ధైర్యం కూడగట్టుకుని ఎడమవైపు బరువు వేశాడు.

టిక్.

ఇక సందేహం లేదు. స్క్రూ వదులైంది. ఎముకలో గాడి పెద్దదవుతోంది. వదులైన స్క్రూ చుట్టూ ఏం చేరుతుందో, అది ఎంత దూరం పాకుతుందో, పాకినదానికి మందేమిటో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? చెబితే మళ్ళీ కోస్తారు. కోసి, లోపల నల్లగా కనబడితే, జానెడు పైన...

ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి ఆయన ఒక మహత్తరమైన మోసానికి పూనుకున్నాడు. చిత్రిక పట్టీ పట్టీ ఇనుపకమ్మీల్లా తేలిన చేతులు ఆయనవి. ఒళ్ళంతా వాకరు మీద వేసి, ఎడమకాలిని నేలకు తాకీ తాకకుండా ఆడిస్తూ, సందు చివరి దాకా పోయి వచ్చేవాడు. చూసేవాళ్ళకు నడకే. తాకుతున్నది చెప్పు మాత్రమే.

“ఏమండీ, ఇవాళ నిన్నటి మీద బాగా నడిచారు,” అనేది భార్య గుమ్మంలో నిలబడి.

“ఊఁ,” అనేవాడు ఆయన, భుజాలు పీకేస్తుంటే.

మధ్యాహ్నాలు అన్నిటికంటే భయంకరంగా ఉండేవి. భార్య కునుకు తీసేది, అవతల వెల్డింగు ఆగేది, ఇల్లు నిశ్శబ్దమయ్యేది. అప్పుడు ఆయన లుంగీ పైకి లాగి కాలిని కిటికీ వెలుతురులోకి చాపి పరీక్ష మొదలుపెట్టేవాడు. కుట్ల గీత వెంట చర్మం గోధుమరంగు తిరిగింది. నిన్న ఇంత ఉందా? బొటనవేలితో నొక్కి, వేలు లోపలికి పోలేదని నిశ్చయించుకుని, ఇంకోచోట నొక్కేవాడు. ముక్కు దగ్గరపెట్టి తడిచెక్క వాసనేమైనా వస్తుందేమోనని చూడబోయి, మోకాలు అంత వంగదని తెలుసుకున్నాడు. ఓ రోజు పనిగదిలోంచి అయస్కాంతం తెప్పించుకుని కాలంతా పాముకున్నాడు. అంటలేదు. వేరేవాళ్ళయితే ఊపిరి పీల్చుకునేవారు. మేస్త్రి మాత్రం ఇంకోలా లెక్కకట్టాడు. అయస్కాంతానికి కూడా అందనంత తుప్పైపోయిందన్నమాట!

తర్వాతి ఫిల్ము రోజున డాక్టరు దాన్ని వెలుగుపెట్టె మీద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. మేస్త్రి తలుపులు చూసే మనిషి. చూసినవాడు మాట్లాడకుండా ఉంటే దాని అర్థం ఆయనకు తెలుసు.

“విరిగిన గీత అలాగే ఉందండీ. పైగా చుట్టూ ఎముక పలచబడుతోంది. నడుస్తున్నారా?”

“రోజూ రెండుపూటలా, డాక్టరుగారూ. సందంతా సాక్ష్యం,” అంది భార్య.

“పొగ తాగుతారా? షుగరుందా?”

“ఆయనకు టీలో చక్కెర తప్ప ఏ దురలవాటూ లేదు.”

మేస్త్రి ముందుకు వంగాడు. “అయ్యా, ఆ స్క్రూలు ఎముకను తినేస్తున్నాయేమో. ఇనుము చుట్టూ చెక్క నల్లబడి చస్తుంది. నేను చూశాను.”

డాక్టరు నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని మేస్త్రి చెయ్యి తీసుకుని అరచేయి తిప్పాడు. “ఈ నీలిచుక్క ఏమిటి?”

“పెన్సిలు ములికి. చిన్నప్పుడు గుచ్చుకుంది.”

“ఇన్నేళ్ళూ అలాగే ఉందా? చీము, నొప్పి?”

“పడుంటుంది పాపం. దాని దారి దానిది.”

“ఇక్కడ గట్టిగా బఠాణీగింజలా ఉంది?”

“అద్దం పెంకు. పైన చర్మం మూసుకుపోయింది.”

“మీ ఒళ్ళే దాని చుట్టూ సంచీ కట్టి పెట్టింది. మరి కర్ర పేడు ఎప్పుడైనా ఇలా ఉండిపోయిందా?”

“ఉండనిస్తుందా? తెల్లారేసరికి ఎర్రగా వాచి, చీము పట్టి, బయటికి గెంటేదాకా ఊరుకోదు.”

ఈ మాట అన్నాక మేస్త్రి తన అరచేతిని తనే తిప్పి చూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా తన ఒళ్ళు ములికినీ గాజునూ చూసీచూడనట్టు పోనిచ్చి, పగబట్టి తరిమింది ఒక్క కొయ్యనేనన్నమాట. ఇది ఆయనకు ఇంటిగుట్టు నలుగురిలో బయటపడ్డట్టనిపించింది.

“చూశారా,” అన్నాడు డాక్టరు. “కొత్త వస్తువు ఏది వచ్చినా ఒంట్లో కణాలు పోయి తడిమి చూస్తాయి. పేడును చూస్తే యుద్ధమే. టైటానియం మీద కంటికి కనబడని సన్నటి పొర ఒకటి ఉంటుంది, తడికి తుప్పు పట్టదు. దానితో వాటికి పేచీ లేదు. ఎముక దానిని ఆనుకునే పెరుగుతుంది. మీ చెక్క చచ్చిపోయిన చెట్టండీ, మేకు ఏంచేసినా పడుతుంది. ఎముక బతికుంది. కాకపోతే దానికి పని చెప్పాలి. బరువు పడితేనే ఇక్కడ మనం కావాలని కణాలకు తెలుస్తుంది. పడకపోతే ఉన్న ఎముకను కూడా విప్పుకుని పోతాయి. అప్పుడు మోతంతా ప్లేటుదే. మోసి మోసి ఓ రోజు అది విరుగుతుంది.”

“విరిగితే?”

“మళ్ళీ తెరవాలి. తుంటిలోంచి కొంచెం ఎముక తీసి ఇక్కడ పెట్టాలి. అప్పటికీ అతుకుతుందని మాట ఇవ్వలేను. వచ్చే ఫిల్ములో కూడా ఇలాగే ఉంటే ఇక ఆగకూడదు.”

ఇంటికి వస్తున్నంతసేపూ మేస్త్రికి రెండువైపులా నుయ్యే కనబడింది. మోపితే స్క్రూ ఊడుతుంది, టిక్ అని తన చెవులారా విన్నాడు. మోపకపోతే ప్లేటు విరుగుతుందట. డాక్టరు చెప్పిన కణాల మాట అబద్ధమై ఉండదు. కాని ఆ టిక్కు డాక్టరు వినలేదు కదా! ఆ సాయంత్రం టీ తాగకుండా చల్లారబెట్టాడు. భార్యకు మొదటిసారి భయం వేసింది. గోడ దగ్గరికి పోయి తమ్ముణ్ణి పిలిచింది.

బావమరిది నూనెచేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పలకరించకుండానే వాకరు తలకిందులు చేసి చూశాడు. ఇనుపమనుషులకు అదొక జబ్బు, ఎవరింటికి పోయినా ముందు గొట్టాలను పలకరిస్తారు.

“అక్కా, కాళ్ళ అడుగున ఈ రబ్బరు బుష్షులు చూడు. అరిగి గొట్టం బయటికొచ్చింది. వాకరు వచ్చి ఎన్నాళ్ళయింది?”

“మొన్ననే కదరా.”

అతను వంగి బావ ఎడమచెప్పు తీసి అడుగు చూశాడు. కుడిచెప్పు తీసి పక్కన పెట్టాడు. కుడిది మడమ దగ్గర వాలి ఉంది. ఎడమది అంగడిలోంచి తెచ్చినట్టే ఉంది.

“బావా,” అన్నాడు నెమ్మదిగా. “ఇన్నాళ్ళూ నడిచింది నువ్వా, నీ భుజాలా?”

మేస్త్రి భార్య రెండు చెప్పులనూ చూసి, మొగుడి మొహం చూసింది. “సందంతా సాక్ష్యమని చెప్పానే! నన్నా మీరు మోసం చేసింది?”

మేస్త్రి ఎడమకాలిని కుర్చీ కిందికి లాక్కున్నాడు. “స్క్రూ ఊడిందే. బరువు వేస్తే టిక్కుమంటోంది. చెబితే కాలు తీసేస్తారని...”

ఎగతాళికి ఇంత చక్కటి సందు దొరికినా బావమరిది నోరు మెదపకపోవడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు. “ఎక్కడ మోపితే?” అని మాత్రం అడిగాడు.

“ఈ కుర్చీలోంచి లేస్తుంటే. ఎడమవైపు.”

“మంచం మీంచి లేస్తుంటే?”

మేస్త్రి ఆలోచించాడు. మంచం మీంచి లేచేటప్పుడు ఆయన ఎడమకాలు మోపిందే లేదు.

“లే బావా. అక్కా, పట్టుకో.” బావను మంచం మీదికి చేర్చి, బావమరిది పోయి ఆ కుర్చీలో కూర్చున్నాడు. మామూలు రోజైతే అదొక్కటే పెద్ద రభసకు చాలు. ఎడమచెయ్యి ఆనించి, ఒళ్ళు అటు వాల్చి లేచాడు.

టిక్.

మళ్ళీ కూర్చుని లేచాడు. టిక్. కుర్చీ చేతిని పట్టుకుని ఊపితే, అది నిలువు చెక్కలో దిగేచోట వెంట్రుకవాసి కదిలింది.

“మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు దీన్ని ఎండ తగిలే కిటికీ దగ్గరికి నేనే జరిపాను,” అంది భార్య చిన్నగొంతుతో. “చెక్క ఎండి బిగువు తప్పిందేమో.”

మేస్త్రి మొహంలో అప్పుడు కనబడినది ఊరట అని చెప్పడం కష్టం. కాలు దక్కింది, పరువు పోయింది. వాటిలో ముందు దేనికి స్పందించాలో తేల్చుకోలేని మనిషి మొహం అది. చివరికి, “నా కుర్చీయా?” అన్నాడు.

“నీ కుర్చీయే. నీ ఎముకలోవి గట్టిగానే ఉన్నాయి బావా. రెండు స్క్రూలు దీనికీ వేయించనా?”

“వేశావంటే ఈ వాకరుతోనే నీ బుర్ర పగలగొడతాను.”

“అదీ! ఆ బుర్ర పగలగొట్టడానికైనా కాలు మోపి రా చూద్దాం.”

సందులో ఇంకా వెలుతురు ఉంది. ఇద్దరూ చెరోపక్క నిలబడ్డారు. మేస్త్రి వాకరు పట్టుకుని నిలబడి, ఎడమ అరికాలు నేలకు ఆనించాడు. చప్పుడు కుర్చీదే అని తెలుసు. తెలియడం వేరు, కాలికి తెలియడం వేరు. మోకాలి కింద, చర్మం వెనక, స్క్రూలన్నీ ఊపిరి బిగబట్టి ఉన్నట్టనిపించింది. చేతులు సడలించాలి, చేతులేమో సడలనంటున్నాయి.

“వదులు బావా, కొంచెం.”

“పట్టుకోండిరా.”

“పట్టుకున్నాం. నువ్వు వదులు.”

వదిలాడు. బరువు నడుములోంచి తొడలోకి, మోకాల్లోకి, అక్కణ్ణించి ఆ విరిగినచోటికి దిగింది. నొప్పి వచ్చింది, మొద్దుగా, లోతుగా. చెవులు రిక్కించి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. చప్పుడు లేకపోవడం కూడా భయంగానే ఉంది. ఇంకో అడుగు వేశాడు. భార్య ఏడుస్తోందని అప్పుడు గమనించాడు.

ఆ తర్వాత ఎడమచెప్పు అరగడం మొదలైంది. మధ్యాహ్నం పరీక్షలు మానలేదు గాని, నొక్కి చూసేచోట్లు తగ్గాయి. తర్వాతి ఫిల్ము రోజున డాక్టరు మళ్ళీ చాలాసేపు మాట్లాడలేదు. మేస్త్రి తన భార్య చెయ్యి గట్టిగా పట్టుకుని ఆ జానెడు ఎక్కడ పడుతుందో మనసులోనే కొలుచుకున్నాడు.

“ఇదిగో, ఇలా రండి,” అన్నాడు డాక్టరు. విరిగిన గీత చుట్టూ తెల్లటి మబ్బు లాంటిది కమ్ముకుని ఉంది. “కొత్త ఎముక. ఇంకా పచ్చిదే, గట్టిపడాలి. స్క్రూల పక్కన కూడా చూడండి, ఖాళీ లేదు.”

మేస్త్రి ఫిల్ముకు ముక్కు ఆనించి చూశాడు. నలుపు కోసం వెతికాడు. మరీమరీ వెతికాడు. స్క్రూల అంచుల వెంట తెలుపు, ఎవరో జాగ్రత్తగా పూసి దించినట్టు. జిగురు ఆరకముందే మీద నిలబడి తొక్కితే పట్టుకున్న అతుకును ఆయన జీవితంలో చూడటం ఇదే మొదలు. “ఇది మాలో ఎవరూ నమ్మరండీ,” అన్నాడు వృత్తి గౌరవం కొద్దీ.

ఇంటికి రాగానే కుర్చీ విప్పాడు. పాత జిగురు గీకి, నాలుకకు సన్నటి చెక్కపొర అతికించి లావు చేసి, కొత్త జిగురు పూసి, గాడిలోకి దించి క్లాంపు బిగించాడు. బావమరిది టీ గ్లాసుతో వచ్చి అలవాటుగా కుర్చీ మీద చెయ్యి వేయబోయాడు.

“ముట్టుకోకు! జిగురు ఆరేదాకా ఎవడూ దాని జోలికి పోకూడదు.”

“మరి నువ్వెక్కడ కూర్చుంటావు?”

మేస్త్రి చుట్టూ చూశాడు. మంచం మీద భార్య బట్టలు మడతపెడుతోంది. వాకరు గుమ్మం పక్కన గోడకు ఆని ఉంది, అందనంత దూరంలో. అది అక్కడుందని ఆయనకు అప్పుడే తెలిసింది. ఎడమకాలి కేసి చూసుకున్నాడు. చెవులు రిక్కించాడు.

“నిలబడతానులే,” అని టీ అందుకున్నాడు.